నిమ్మకాయంత టోపీ

మస్కట్‌లో వాదీ కబీర్ అనే పేట, మూడో అంతస్తు ఫ్లాటు, శనివారం మధ్యాహ్నం మూడు గంటలు. ప్రసవాల వార్డులో నర్సుగా చేస్తున్న సెలిన్ డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. నరసాపురం నుంచి మూడు నెలల వీసా మీద వచ్చిన అత్తగారు సౌభాగ్యమ్మ సోఫాలో కూర్చుని లేసు అల్లుకుంటూ, తనంత అమాయకురాలు ఒమాన్ మొత్తం మీద లేదన్నట్టు తల కూడా ఎత్తలేదు.

"ముందు చెప్పులిప్పుకుని కూకో. టీ పెడతాను."

"టీ వద్దు అత్తయ్యా. అడిగినదానికి చెప్పండి. నిన్న శుక్రవారం ఆరాధనకి వెళ్ళి చర్చిలో ఏం చెప్పారు?"

"చర్చిలో నేనేం చెబుతానే. పాస్టరు గారు చెబుతారు, మేం వింటాం."

"ఇవాళ డ్యూటీలో నలుగురు నా పొట్ట మీద చెయ్యి వేశారు."

"నలుగురేనా?"

"నలుగురేనా అంటే?"

"అదే, ఎవరెవరా అని."

"ఒకావిడ లిఫ్టులోనే మొదలెట్టేసింది. డాక్టరు గారి ముందు. చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. రెండో అంతస్తులో దిగాల్సినవాళ్ళు కూడా ఐదో అంతస్తు దాకా వచ్చేశారు. ఆమెన్ అనేదాకా ఒక్కరూ కదల్లేదు."

"పోనీలే, డాక్టరు గారికి కూడా కాస్త ప్రార్థన అబ్బింది."

"నవ్వొస్తోందా మీకు?"

"నవ్వట్లేదే. దారం కొరుకుతున్నాను."

"ఎవరితో చెప్పారు?"

"ఒక్కరితోనే. అమోసు గారి భార్యతో. అదీ చెవిలో."

"ఆవిడ చెవిలో చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటే అని మీకు తెలీదా?"

"నేనొచ్చి రెండు నెలలేగా. నాకేం తెలుసు."

"ఈ రెండు నెలల్లో ఆవిడకి చీరలెన్నో, తోటికోడలితో గొడవేంటో అన్నీ తెలుసుకున్నారు. ఇదొక్కటే తెలీలేదు. పెళ్ళయి ఏడేళ్ళు అత్తయ్యా. ఏడేళ్ళుగా నా పొట్ట వంకే చూస్తున్నవాళ్ళకి ఇలాంటి మాట అందిస్తే ఊరుకుంటారా? ప్రార్థన గ్రూపులో పెట్టేశారు. వెయ్యి కిలోమీటర్ల అవతల రైసూత్ పోర్టులో మీ అబ్బాయి పక్కన పనిచేసే జితేందర్, స్వీట్లేవి అని అడిగాడట. ప్రీతమ్ నాకు ఫోన్ చేశాడు. కట్టుకున్నవాణ్ణి, నాకు జితేందర్ చెప్పాలా అంటున్నాడు."

"నువ్వేమన్నావు?"

"డ్యూటీలో ఉన్నాను, మళ్ళీ చేస్తానని పెట్టేశాను."

"మళ్ళీ చేశావా?"

"అది కాదు ఇప్పుడు సంగతి. మీకెవరు చెప్పారు?"

"నీ హ్యాండ్‌బ్యాగు చెప్పింది."

"నా బ్యాగు ఎందుకు తీశారు?"

"తలనొప్పి బామ్ కోసం. గురువారం నువ్వు స్నానానికి ఎల్లావు. చెయ్యి పెడితే బామ్ రాలేదు, టోపీ వచ్చింది. నిమ్మకాయంత టోపీ. మళ్ళీ చెయ్యి పెడితే గౌను వచ్చింది. నా అరచెయ్యంత. ఇంక నేనేం అనుకోవాలి?"

"ఏమీ అనుకోకుండా మళ్ళీ బ్యాగులో పెట్టేయాలి."

"పెట్టేశాను. అనుకోకుండా ఉండడమే కుదర్లేదు."

"నిమ్మకాయంత తలకాయ ఏ పిల్లకుంటుంది అత్తయ్యా? అదైనా ఆలోచించాలి కదా."

"మొదటిసారి అల్లుతున్నావు, కొలత రాని చెయ్యి అనుకున్నాను."

"అవి... బొమ్మలకి."

"ఏ బొమ్మలకి?"

"హాస్పిటల్లో ఉంటాయి. కొత్తగా చేరిన నర్సులకి నేర్పించడానికి."

"ఆ బొమ్మలకి చలేస్తుందా?"

"ఊరికే, చూడ్డానికి బాగుంటుందని."

"చూడ్డానికి బాగుండాలంటే పువ్వు పెడతారు, అంచు పెడతారు. అందులో అదేం లేదు. సెలినమ్మా, నేను ఏడో ఏట సూది పట్టుకున్నాను. మా మిషను బడిలో దొరసాని గారు నేర్పారు. పని చూస్తే అది ఎవరి కోసమో చెబుతాను. నీ గౌను ఎనకాల మొత్తం తెరిచి ఉంది. గుండీల్లేవు, రిబ్బన్లు. తల మీంచి ఏయక్కర్లేదు, చేతులు ఎత్తక్కర్లేదు. ఏం, బొమ్మ చెయ్యి ఎత్తితే ఇరుగుద్దా? ముడులన్నీ పైకి ఏశావు. ఒంటికి తగలకుండా. బొమ్మ ఒంటికి ముడి తగిలితే ఏమవుద్దే?"

"అత్తయ్యా."

"ఊఁ."

"టీ పెట్టండి."

"పెడతాను. ముందు ఒక్కటి చెప్పు. ఆ గౌను నీ పిల్లకి కాదా?"

"కాదు."

"ఒట్టా?"

"ఒట్టు. ఆ గౌను నా పిల్లకి కాదు."

"అమ్మయ్య."

"అమ్మయ్య ఏంటి?"

"ఏం లేదు. మరి ఎవరికి?"

"పుట్టకముందే పోయినవాళ్ళకి. విన్నారా అత్తయ్యా?"

"విన్నాను. ఆ ఏసీ కాస్త పెంచు. గాలాడట్లేదు."

"అందుకే చెప్పలేదు మీకు. పెద్దవారు, ఎందుకు ఇవన్నీ అని."

"ఎంతుంటారు?"

"ఒక్కొక్కరు ఒక్కోలా. అయిదో నెలకి జానెడు పైన. కొందరు ఇంకా చిన్న."

"ఇప్పుడేం తొడుగుతారు?"

"ఏమీ లేదు. గాజుగుడ్డలో చుట్టి చేతికిస్తాం. షాపులో దొరికే బట్టలన్నీ పెద్దవి. తొడిగితే అందులో పిల్ల కనపడదు. నాలుగు నెలల కిందట అజీజా అని ఒకామె వచ్చింది, సూర్ ఊరి నుంచి. ఖననం గుడ్డ వాళ్ళది వాళ్ళు చుట్టుకుంటారు. అంతకు ముందు ఒడిలో పెట్టుకోవడానికి ఒక అరగంట ఇస్తాం. ఆ గాజుగుడ్డ చూసి, ఇంతకన్నా మంచిది లేదా అని అడిగింది. అరవలేదు, ఏడవలేదు. షాపులో అడిగినట్టు అడిగింది. నా దగ్గర లేదు."

"అందుకని నువ్వు మొదలెట్టావు."

"యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. డ్యూటీ బస్సులో అల్లుతాను."

"అది కనపడుతోంది."

"ఏది?"

"బస్సులో అల్లావని. గతుకు వచ్చిన చోటల్లా కుట్టు వదులైపోయింది."

"అత్తయ్యా."

"ఉన్నమాటే. ఆ టోపీతో టీ వడగట్టుకోవచ్చు. ఇంట్లో నరసాపురం సూదిని కూచోబెట్టుకుని యూట్యూబుని అడిగావా?"

"మీరు పిల్లల బట్టలు అల్లరు కదా. ప్రీతమ్ చెప్పాడు. కర్టెన్లు అల్లుతారు, టేబుల్ క్లాతులు అల్లుతారు, పుట్టబోయే పిల్లకి ఒక్క గౌను అల్లిపెట్టమంటే మాత్రం లేచి వెళ్ళిపోతారని. మీ సొంత చెల్లెలు అడిగినా అల్లలేదట."

"అల్లను."

"ఎందుకు?"

"టీ పెడతాను."

"ఇప్పుడు నేనడుగుతున్నాను కదా, చెప్పండి."

"చక్కెర ఎంత?"

"మాట తప్పించకండి. సరే, అది వదిలేయండి. వచ్చే శుక్రవారం చర్చిలో మీరే చెప్పాలి. ఆ గౌను సెలిన్ పిల్లకి కాదు, వార్డుకి అని."

"మరైతే నీకేం లేదంటావా?"

"నేను గౌను సంగతి మాట్లాడుతున్నాను."

"నేనూ గౌను సంగతే అడిగాను. రెండు చెంచాలు ఏశాను, చాలా?"

మంగళవారం. సెలిన్‌కి సెలవు. చర్చివాళ్ళు పంపిన సున్నుండల డబ్బాలు ఫ్రిజ్ మీద ఏడయ్యాయి, ఎనిమిదోది సౌభాగ్యమ్మ ఒళ్ళో ఉంది. తినే హడావిడిలో ఉన్న మనిషిని ఎవరూ గట్టిగా నిలదీయలేరని ఆవిడ నమ్మకం.

"నా టోపీలేవి?"

"ఏ టోపీలు?"

"బీరువాలో నీలం కవర్లో పెట్టినవి. పదకొండు టోపీలు."

"ఈ అమోసు గారి భార్య నెయ్యి బాగా ఏస్తుంది. తిని చూడు."

"అత్తయ్యా, టోపీలేవి?"

"ఇప్పేశాను."

"ఎన్ని?"

"అన్నీ."

"నాలుగు నెలలు అల్లాను నేను. నాలుగు నెలలు, బస్సులో, నడుం నొప్పెడుతుంటే. రేపు వార్డులో ఎవరికైనా కావాలంటే ఏం తొడగను?"

"ఆ ఖర్జూరం డబ్బా తియ్యి."

"నాకు ఖర్జూరాలొద్దు."

"తియ్యవే ముందు. మూత పూర్తిగా తియ్యి."

"ఇవన్నీ... ఎప్పుడు అల్లారు?"

"నువ్వు డ్యూటీకి ఎల్లాక, రాత్రుళ్ళు నువ్వు పడుకున్నాక. అన్నీ కలిపి పదిహేడు ముక్కలున్నాయి. మూడు కొలతలు. గౌనుకి జత టోపీ, ఏలు పట్టేంత మేజోళ్ళు. రిబ్బను కూడా అల్లిందే, కొన్న రిబ్బను గరుగ్గా ఉంది."

"ఇంత మెత్తటి దారం ఎక్కడిది?"

"రూవి బజార్లో. ఇర్షాద్ షాపు."

"రూవి ఎలా వెళ్ళారు?"

"బైజా బస్సు ఎక్కాను, చిల్లర డబ్బులకి ఎక్కించుకునే వ్యాను. రూవి అన్నాను, రూవిలో దింపాడు. భాష ఎందుకూ."

"ఒక్కరే? ఫోన్ కూడా తీసుకెళ్ళకుండా?"

"ఆ షాపులో ఒక్కో ఉండ తీసి చెంపకి రాసుకుని చూశాను. గరుకుగా ఉంటే పక్కన పెట్టేశాను. నలభై ఉండలు చూశాక ఆ ఇర్షాదు నాకు కుర్చీ ఏశాడు. యాభై చూశాక టీ తెప్పించాడు. ఎవరికమ్మా అని హిందీలో అడిగాడు. చెయ్యి ఇలా పెట్టి ఇంత పిల్లకి అని చూపించాను. వద్దన్నా ఇంకో ఉండ సంచీలో పడేశాడు."

"మీరు పిల్లల బట్టలు అల్లనన్నారు కదా."

"పుట్టబోయేవాళ్ళకి అల్లనన్నాను. ఈళ్ళకేం. నా సూది ఈళ్ళని ఇంకేం చెయ్యగలదు?"

"ఏమన్నారు?"

"ఏం లేదు. సున్నుండ తిను."

"సూది ఏం చెయ్యడం ఏంటి అత్తయ్యా?"

"ఊరికే అన్నాను."

"మీరు ఊరికే ఏదీ అనరు. చెప్పండి. నా పదకొండు టోపీలు ఇప్పేశారు, ఆ బాకీ కిందైనా చెప్పండి."

"ప్రీతమ్ కన్నా ముందు ఒకత్తె ఉంది. వాడికి తెలీదు. వాళ్ళ నాన్న చెప్పొద్దన్నాడు, నేనూ చెప్పలేదు. అప్పుడు నాకు పంతొమ్మిది. లేసు ఎగుమతి చేసే ఏజెంటు దారం తూకం ఏసి ఇచ్చేవాడు, పని తూకం ఏసి పట్టుకెల్లేవాడు. అందులోంచి కాస్త కాస్త మిగిల్చి దాచాను. పుట్టకముందే పిల్లకి ఏమీ కుట్టకూడదని మా అత్తగారి పట్టు. నేను చాటుగా అల్లాను. గౌను. మెడ చుట్టూ సన్నజాజులు. చాప కింద పెట్టి, ఎవరూ లేనప్పుడు తీసి చూసుకునేదాన్ని."

"ఎన్నో నెలలో పోయింది?"

"ఏడో నెల. పక్క సర్దుతుంటే మా అత్తగారికి గౌను దొరికింది. దాన్ని ఎత్తిపట్టుకుని, ఇదిగో దీంతో చంపుకున్నావు పిల్లని అంది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేదుగా."

"గౌను ఏమైంది? పాపకి తొడిగారా?"

"తొడగనిచ్చారేంటి. ఏదో కాగితంలో చుట్టి పట్టుకెల్లిపోయారు. నేను మొహం కూడా చూడలేదు. మూడో రోజు ఏజెంటు వచ్చాడు, తూకం తక్కువుందన్నాడు. గౌను ఇప్పేసి, ఆ దారం టేబుల్ క్లాతు అంచులో కలిపేశాను. జర్మనీ ఎల్లింది అది. అక్కడ ఎవరో దొరలు నా పిల్ల గౌను మీద కంచాలు పెట్టుకుని భోంచేస్తున్నారు, ఇప్పటికీ."

"అత్తయ్యా."

"ఏడవకు. నేనే ఏడవట్లేదు. ముప్పై ఏడేళ్ళయింది."

"ఒకటి అడుగుతాను. అప్పుడు మీ కాళ్ళు వాచాయా?"

"ఏంటే, నన్ను పేషంటుని చేస్తున్నావా?"

"చెప్పండి. వాచాయా?"

"అందరికీ వాస్తాయిగా. నాకు మొహం కూడా వాచింది. చేతి గాజులు దిగకపోతే పగలగొట్టారు. లేసు సూది పట్టు దొరికేది కాదు."

"తలనొప్పి?"

"విపరీతం. పసరు పట్టీలు ఏసేవారు."

"కళ్ళ ముందు ఏమన్నా మెరిసినట్టు?"

"మిణుగురు పురుగుల్లా. ఎక్కువ అల్లాను కదా, చూపు దెబ్బతింది అనుకున్నాను. నీకెలా తెలుసు?"

"ఇక్కడ, డొక్కల కింద నొప్పి ఉందా?"

"ఉంది. చివర్లో. ఎవరు చెప్పారే నీకు?"

"రోజూ చూస్తాను కాబట్టి. అది బీపీ అత్తయ్యా. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగితే ఇవన్నీ వస్తాయి. పిల్లకి రక్తం అందదు."

"బీపీ."

"ఆ రోజుల్లోకి వెళ్ళి ఇప్పుడు పరీక్ష చెయ్యలేను, బీపీయే అని నూటికి నూరుపాళ్ళు ఒట్టేయలేను. సూది కాదని మాత్రం వేస్తాను. సూదికీ పిల్లకీ ఏ సంబంధమూ లేదు."

"దానికి మందుందా?"

"ఇప్పుడుంది. అప్పుడు మీ ఊళ్ళో మీ చేతికి బీపీ పట్టీ కట్టి చూసినవాళ్ళే లేరు."

"నర్సుగా చెబుతున్నావా, కోడలిగానా?"

"నర్సుగా. కోడలిగా అయితే టోపీలు ఇప్పేసినందుకు ఇంకా కోపంగానే ఉన్నాను."

"మా అత్తగారు పోయింది. లేకపోతే ఇప్పుడే ఫోన్ చేసేదాన్ని."

"ఏమని?"

"బీపీ అని. అంతే. ఒక్క ముక్క చెప్పి పెట్టేసేదాన్ని."

శుక్రవారం ఉదయం, చర్చికి వెళ్ళే వేళ. కింద అమోసు గారి కారు రెండుసార్లు హారన్ కొట్టింది. గంజి చీర కట్టుకుని గంట ముందే తయారైన సౌభాగ్యమ్మ మాత్రం తను లేకుండా కారు కదలదని తెలిసినట్టు సోఫాలో అల్లుకుంటూనే ఉంది.

"లేవండి అత్తయ్యా, వాళ్ళు వచ్చేశారు. ఇవాళ చెబుతారు కదా?"

"చెబుతాను. మైకు కూడా అడిగాను."

"మైకెందుకు?"

"మన చర్చిలో మా నరసాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్ళు తొమ్మండుగురున్నారు. అందరూ చిన్నప్పుడు లేసు అల్లినవాళ్ళే. నర్సులయ్యాక సూది మర్చిపోయారు. మీ వార్డు సంగతి చెప్పి, ఆళ్ళ చేతికి మళ్ళీ సూది ఇస్తాను. వచ్చే నెల నా వీసా అయిపోద్దిగా. నేనెల్లాక నువ్వు మళ్ళీ టీ వడగట్టే టోపీలు అల్లితే ఆ పిల్లల గతేంటి?"

"అలాంటి బట్టలు అల్లడానికి వాళ్ళు ఒప్పుకుంటారా? కొందరు భయపడతారేమో."

"ముందు సున్నుండలు పెడతాను. ఆళ్ళవి ఆళ్ళకే. తిన్నాక చెబుతాను."

"బుధవారం మీ గౌను ఒకటి తొడిగాను. మీకు చెప్పనేలేదు."

"ఎవరికి?"

"నసీమా అని, చిన్న పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయి. అరగంటసేపూ ఒడిలోనే పెట్టుకుంది. వెళ్ళేటప్పుడు టోపీ గుప్పిట్లో పెట్టుకుని, ఎవరల్లారు ఇది అని అడిగింది. మా అత్తయ్య అన్నాను."

"అలా అడిగిందా?"

"మీ చేతుల కోసం దువా చేస్తానంది."

"ఎన్ని దేశాలు ఎల్లింది నా పని. ఎవరల్లారని ఇన్నాళ్ళూ ఒక్కళ్ళూ అడగలేదు."

"హారన్ కొడుతున్నారు. మీరు లేవండి, నేను డబ్బా పట్టుకుంటాను. పెద్దవి, చిన్నవి, మధ్యరకం... ఇదేంటి?"

"ఏది?"

"ఈ గౌను. డబ్బా అడుగున ఉంది. ఇంత పెద్దది అల్లారేంటి?"

"పెద్దదా?"

"జానెడున్నర ఉంది. కొలత తప్పారు అత్తయ్యా. ఒక చెయ్యి అసలు అల్లనేలేదు. మెడ చుట్టూ ఈ పువ్వులేంటి, సన్నజాజులా? ఇది మా వార్డుకి పనికిరాదు."

"మీ వార్డుకి ఎవరిస్తామన్నారు?"

"మరి ఎవరికి?"

"సెలినమ్మా. పొట్ట మీద చెయ్యి ఏశారని అరిచావు. అమోసు గారి భార్య నోటిని తిట్టావు. నన్ను ఆరు రోజులుగా తిడుతున్నావు. మొగుడికి మళ్ళీ ఫోన్ చేస్తానని చెయ్యలేదు, వాడు నాకు చేసి తినేస్తున్నాడు. గౌను నా పిల్లకి కాదని ఒట్టేశావు. ఇన్ని అన్నావు గానీ, నాకేం లేదు అని ఒక్కసారీ అనలేదు. ఎన్నో నెల?"

"పదకొండు వారాలు."

"ఊఁ."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నేనొచ్చిన మూడో వారం. చందువ చేప పులుసు పెడితే మూత తియ్యకముందే బాత్రూంలోకి పరిగెత్తావు. నువ్వు చెబుతావని ఊరుకున్నాను."

"చెప్పలేకపోయాను అత్తయ్యా. ప్రీతమ్‌కి కూడా. పోయినవాళ్ళని రోజూ నా చేతులతో చుట్టి ఇస్తున్నాను. ఎవరితో అన్నా అది అక్కడితో ఆగిపోతుందని భయం. నర్సుని, అలా ఉండదని నాకు తెలుసు. తెలిసినా భయమే."

"నాకూ అంతే."

"మీకు భయమైతే చర్చి అంతా ఎందుకు చాటించారు? ఏడేళ్ళ తర్వాత వచ్చింది, గుట్టుగా ఉంచాలని మీకు మాత్రం తెలీదా?"

"బ్యాగులో ఆ టోపీ చూశాను కదా. పులుసు సంగతి ముందే తెలుసు. రెండూ కలిపాను. పుట్టకముందే అల్లేస్తోంది, చాటుగా అల్లుతోంది, నేను చేసిందే ఇదీ చేస్తోంది అనుకున్నాను. సూది లాక్కుందామంటే ఏమని లాక్కోను? ఒక్కదాని ప్రార్థన సరిపోదు, వందమంది చెయ్యాలి అనిపించింది. ఒక్క పూటలో వందమందికి చేరాలంటే నాకు అమోసు గారి భార్య నోరు తప్ప ఇంకేం దొరుకుద్ది?"

"అందుకా లిఫ్టులో..."

"అందుకే. నలుగురేనా అని అడిగాను కూడా."

"ఇంత భయం పెట్టుకుని మరి ఈ గౌను?"

"మంగళవారం సాయంత్రం మొదలెట్టాను. మొదటి వరస మూడుసార్లు అల్లి మూడుసార్లు ఇప్పాను. నాలుగోసారి, ఆ నర్సమ్మ మాట నిజమే అయ్యుంటుందిలే అని ముందుకెల్లాను."

"ఎక్కడా కుట్టు తప్పలేదా?"

"తప్పింది, ఇప్పి మళ్ళీ ఏశాను. నువ్వు ఎతుకు, ఎక్కడ తప్పిందో కనపడదు. బస్సు కాదుగా."

"మళ్ళీ హారన్ అత్తయ్యా. ఇప్పుడు చర్చిలో ఏమని చెబుతారు? గౌను సెలిన్ పిల్లకి కాదనా, అవుననా?"

"చిన్నవి వార్డుకి, పెద్దది మా ఇంటికి అని చెబుతాను. కారు దగ్గరికి దిగేలోపు నువ్వు ప్రీతమ్‌కి ఫోన్ చెయ్యి. ఈసారైనా వాడికి జితేందర్ కన్నా ముందు తెలియనీ."

"చేస్తాను. ఈ రెండో చెయ్యి ఎందుకు వదిలేశారు? దారం చాల్లేదా?"

"దారం ఉంది. ఆ చెయ్యి నువ్వల్లు. పుట్టకముందే. బస్సులో మాత్రం వద్దు."